బరువు తగ్గే ఇంజెక్షన్ వాడుతుంటే ఏ సప్లిమెంట్లు వేసుకోవాలి?

మీరు రాసింది క్లుప్తంగా ఇది: వయసు 46. వారానికోసారి సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ తీసుకుంటున్నారు. అయిదు నెలల్లో 92 కిలోల నుంచి 81కి వచ్చారు. షుగర్‌కి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్, పొద్దున్నే థైరాయిడ్ మాత్ర ఉన్నాయి. నెల రోజులుగా జుట్టు బాగా ఊడుతోంది, మెట్లెక్కితే కాళ్లలో సత్తువ ఉండటం లేదు, మలబద్ధకం వేధిస్తోంది. తలా ఒకరు చెప్పారని మల్టీవిటమిన్, బయోటిన్, కొల్లాజెన్, మెగ్నీషియం, ఐరన్, ఇంకా ‘జీఎల్‌పీ-1 బూస్టర్’ అని రాసున్న క్యాప్సూళ్లు కొన్నారు (జీఎల్‌పీ-1 అంటే ఆకలిని తగ్గించే హార్మోన్, మీ ఇంజెక్షన్ దాన్నే అనుకరిస్తుంది). వీటిలో ఏవి వేసుకోవాలి అని మీ ప్రశ్న.

నేను డైటీషియన్‌ని. ఈ మందులు వాడేవాళ్ల తిండి చూడటమే ఇప్పుడు నా పనిలో పెద్ద భాగం. సీసాల సంగతికి వచ్చే ముందు ఒక విషయం తేల్చుకోవాలి, మిగతా సమాధానమంతా దాని మీదే నిలబడుతుంది.

సెమాగ్లూటైడ్ గానీ, అలాంటిదే ఇంకో ఇంజెక్షన్ టిర్జెపటైడ్ గానీ మీ ఒంట్లో విటమిన్లను తగ్గించేయవు. పేగులు పోషకాలను పీల్చుకోకుండా అడ్డుపడవు. అవి చేసేది ఆకలిని తగ్గించడం, కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గించడం. అంటే లోటు వచ్చేది మందు వల్ల నేరుగా కాదు, మీరు తినకుండా వదిలేసిన తిండి వల్ల. 2.4 మి.గ్రా. సెమాగ్లూటైడ్ తీసుకునేవాళ్లకి కావలసినంత తినమని భోజనం పెట్టి చూసిన ఒక పరీక్షలో, మందు లేనివాళ్ల కన్నా 35 శాతం తక్కువ కేలరీలు తిన్నారు. కేలరీలు మూడో వంతు తగ్గితే, అదే తిండితో వచ్చే ఐరన్, కాల్షియం, ప్రోటీన్ కూడా దాదాపు అంతే తగ్గుతాయి. ఒంటికి వాటి అవసరం మాత్రం ఏమీ తగ్గలేదు.

బరువు తగ్గడానికి కడుపుకి, పేగులకి బైపాస్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల సంగతి వేరు. అక్కడ ఆహారం వెళ్లే దారే మారిపోతుంది కాబట్టి జీవితాంతం విటమిన్లు రాస్తారు. ఆ జాబితానే తెచ్చి ఇంజెక్షన్ వాడేవాళ్లకి కూడా ఇచ్చేయడం ఈమధ్య ఎక్కువైంది. మీకు ఆ జాబితా అక్కర్లేదు. ఇది చదివేవాళ్లలో ఎవరైనా బరువు తగ్గడానికి ఓర్లిస్టాట్ అనే మందు వాడుతుంటే మాత్రం వాళ్లకి వేరే లెక్క ఉంది. ఆ మందు తిన్న కొవ్వులో సుమారు 30 శాతాన్ని పీల్చుకోనివ్వదు, దాంతోపాటు కొవ్వులో కరిగే ఎ, డి, ఇ, కె విటమిన్లు కూడా కొంత బయటికి పోతాయి. అందుకే ఓర్లిస్టాట్ వాడేవాళ్లు మల్టీవిటమిన్ తప్పకుండా వేసుకోవాలి, అదీ ఆ మందుకు కనీసం రెండు గంటలు ఎడంగా. రాత్రి పడుకునేటప్పుడు వేసుకుంటే సులువు.

ఇప్పుడు మీ విషయం. మీ జాబితాలో అన్నింటికన్నా ముందు ఉండాల్సింది అసలు లేదు. అది ప్రోటీన్.

బరువు తగ్గినప్పుడు పోయేది కొవ్వు ఒక్కటే కాదు. సెమాగ్లూటైడ్ మీద జరిగిన స్టెప్-1 పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గారు. వాళ్లలో 140 మందికి డెక్సా స్కాన్ (ఒంట్లో కొవ్వు ఎంతో, మిగతాది ఎంతో కొలిచే స్కాన్) తీసి చూస్తే, తగ్గిన బరువులో సుమారు 40 శాతం కొవ్వు కాని భాగం. టిర్జెపటైడ్ మీద జరిగిన సర్‌మౌంట్-1లో ఇది నాలుగో వంతు దాకా ఉంది. ఈ కొవ్వు కాని భాగం అంతా కండే అనుకోకండి, అందులో నీరు, లోపలి అవయవాలు కూడా కలిసి ఉంటాయి. అయినా మెట్లెక్కేటప్పుడు కాళ్లలో సత్తువ లేదని మీరు రాసింది చదవగానే నాకు మొదట వచ్చిన అనుమానం ఇదే. తగ్గిన పదకొండు కిలోల్లో కండ ఎంతో ఇంట్లో తూకం చెప్పదు.

రోజుకి ఎంత తినాలి? కిలో బరువుకి 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రోటీన్ అనేది ఇప్పుడు ఎక్కువమంది నిపుణులు చెప్పే మాట. బరువు ఎక్కువ ఉన్నవాళ్లు ఇప్పటి బరువుతో కాకుండా, చేరుకోవాలనుకున్న బరువుతో లెక్క వేసుకోవడం మంచిది. మీ లక్ష్యం 68 కిలోలు అనుకుంటే రోజుకి 80 నుంచి 110 గ్రాములు. ఆకలే లేనప్పుడు ఇది చిన్న సంఖ్య కాదు. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. అందుకని పూటకి 25 గ్రాముల చొప్పున మూడు నాలుగు సార్లుగా పంచుకోండి. కంచంలో గుడ్డు, చేప, మాంసం, పప్పు, పెరుగు, సోయా, ఏది ఉంటే అది ముందు తినేయండి. ఈ మందు మీద ఉన్నప్పుడు నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది, ఆ నాలుగు ముద్దలూ అన్నమే అయితే ప్రోటీన్‌కి చోటు మిగలదు. ఒక్క హెచ్చరిక: కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఈ లెక్కను సొంతంగా పాటించకూడదు. షుగర్ చాలా ఏళ్లుగా ఉందన్నారు కాబట్టి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు ఈమధ్య చేయించుకోకపోతే ముందు అవి చేయించండి.

తిండితో అంత రాకపోతే అప్పుడు పౌడర్. వే ప్రోటీన్ (పాల విరుగుడు నుంచి తీసేది) ఒక స్కూపులో సాధారణంగా 20 నుంచి 25 గ్రాములు వస్తుంది. పాలలోని చక్కెర (లాక్టోజ్) అరగనివాళ్లకి, అది చాలా తక్కువగా ఉండే వే ఐసొలేట్ గానీ సోయా, బఠాణీ ప్రోటీన్ గానీ సరిపోతాయి. చాలామందికి డోసు వేసుకున్న మరుసటి రోజో రెండు రోజులో వికారం ఎక్కువగా ఉంటుంది. ఆ రోజుల్లో ఘనాహారం వాసనే పడదు, చల్లగా కలుపుకున్న ప్రోటీన్ మాత్రం కొద్దికొద్దిగా దిగుతుంది. గ్లాసు మొత్తం ఒకేసారి తాగకండి. కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతున్నప్పుడు అలా తాగితే వాంతి అవుతుంది. గంట సేపు కూర్చుని తాగినా నష్టం లేదు.

మీరు కొన్న కొల్లాజెన్ ఈ పని చేయదు. అందులో ట్రిప్టోఫాన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం ఉండదు, కండ కట్టడానికి కీలకమైన ల్యూసిన్ కూడా తక్కువ. డబ్బా మీద రాసిన పది గ్రాములను మీ ప్రోటీన్ లెక్కలో కలుపుకోకండి. ఉన్నదాన్ని పారేయమనను, మళ్లీ మాత్రం కొనొద్దు.

ఎంత ప్రోటీన్ తిన్నా కండకి పని చెప్పకపోతే అది నిలవదు. వారానికి రెండు మూడు సార్లు బరువులెత్తడమో, రబ్బరు బ్యాండుతో వ్యాయామమో, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడమో ఏదో ఒకటి ఉండాలి. నడక గుండెకి మంచిది, కండని కాపాడటానికి అది ఒక్కటే చాలదు. వ్యాయామం మొదలుపెట్టాక క్రియాటిన్ మోనోహైడ్రేట్ రోజుకి 3 నుంచి 5 గ్రాములు వేసుకోవచ్చు. సప్లిమెంట్లలో బాగా పరీక్షకు నిలిచిన కొద్ది వాటిలో ఇదొకటి. దీనివల్ల కండలో నీరు చేరి తూకం ఒక కిలో దాకా పెరగొచ్చు, అది కొవ్వు కాదు. రక్తపరీక్షలో క్రియాటినిన్ కూడా కొంచెం పెరిగినట్టు కనిపిస్తుంది కాబట్టి డాక్టర్‌కి ముందే చెప్పి పెట్టండి, లేకపోతే కిడ్నీ దెబ్బతిందేమోనని అనవసరంగా టెన్షన్ పడాల్సి వస్తుంది.

మల్టీవిటమిన్ వేసుకోండి. రోజుకి 1200 కేలరీల కన్నా తక్కువ తినేవాళ్లకి అన్ని పోషకాలూ తిండితోనే అందడం చాలా కష్టం. మీ మాటల్ని బట్టి చూస్తే మీరు ఆ కోవలోనే ఉన్నారు. రోజువారీ అవసరానికి నూరు శాతం దరిదాపుల్లో ఉన్న మామూలు మాత్ర చాలు. వెయ్యి శాతం, అయిదు వేల శాతం అని రాసున్నవి వద్దు. ముఖ్యంగా బి6 ఎంతుందో చూడండి. బి6 ఎక్కువ మోతాదులో చాలాకాలం వేసుకుంటే కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి నరాలు దెబ్బతింటాయి. అమెరికాలో రోజుకి 100 మి.గ్రా. పరిమితి అంటారు, యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో తన పరిమితిని 12 మి.గ్రా.కి తగ్గించింది. మల్టీవిటమిన్‌లో కొంత, మెగ్నీషియం మాత్రలో కొంత, జుట్టు మాత్రలో కొంత, ఇలా మూడు సీసాల్లోనూ బి6 ఉండొచ్చు. మీ దగ్గరున్న సీసాలన్నీ పక్కపక్కన పెట్టి లేబుళ్లు ఒకసారి చదవండి. గమ్మీలు తినడానికి బాగుంటాయి గానీ చాలావాటిలో ఐరన్ ఉండదు.

మీ విషయంలో బి12 గురించి నేను గట్టిగానే చెప్తాను, కారణం ఇంజెక్షన్ కాదు, మెట్‌ఫార్మిన్. అది ఏళ్ల తరబడి వాడితే బి12 పీల్చుకోవడం తగ్గుతుంది. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2022లో దీన్ని తరచుగా కనిపించే దుష్ప్రభావంగా చెప్పి, లక్షణాలున్నవాళ్లకి పరీక్ష చేయమంది. ఇన్నాళ్లూ మాంసం, గుడ్లు, పాలతో ఎంతో కొంత నెట్టుకొచ్చి ఉంటారు, ఇప్పుడు అవీ తగ్గాయి. నీరసం, పాదాల్లో తిమ్మిర్లు, నాలుక మంట ఉంటే పరీక్ష వాయిదా వేయకండి. పరీక్షకి ముందు బి12 మాత్రలు మొదలుపెట్టకండి, సంఖ్య బాగానే ఉన్నట్టు కనిపించి అసలు లోటు దాగిపోతుంది. పాదాల తిమ్మిరి షుగర్ వల్ల కూడా వస్తుంది, ఇందాక చెప్పిన బి6 వల్ల కూడా వస్తుంది. అందుకే ఊహించుకుని మాత్ర వేసుకోవడం కన్నా రక్తం చూపించుకోవడం మేలు.

ఐరన్‌కి కూడా ఇదే మాట. నెలసరి ఇంకా వస్తుంటే రోజుకి 18 మి.గ్రా. అవసరం, ఆగిపోయాక 8 చాలు. హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి ఊరుకోకుండా ఒంట్లో ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్ కూడా చేయించండి, హిమోగ్లోబిన్ బాగుండగానే నిల్వలు అడుగంటిపోవచ్చు. తక్కువని తేలితే మాత్ర వేసుకోండి, లేకపోతే మీరు కొన్న ఐరన్ సీసా తెరవకండి. ఇప్పటికే ఉన్న మలబద్ధకాన్ని, వికారాన్ని అది ఇంకా పెంచుతుంది. అవసరమై వేసుకుంటే రోజు విడిచి రోజు వేసుకునే పద్ధతి గురించి డాక్టర్‌ని అడగండి. ఒక మాత్ర వేసుకోగానే ఒంట్లో హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి మర్నాటి ఐరన్‌ని సరిగ్గా పీల్చుకోనివ్వదు. ఒక రోజు విరామం ఇస్తే ఆ మాత్రలో ఎక్కువ భాగం లోపలికి వెళ్తుంది, కడుపుకీ ఇబ్బంది తక్కువ.

విటమిన్ డి రోజుకి 600 నుంచి 800 ఐయూ మామూలు అవసరం. డాక్టర్ చెప్పకుండా 4000 దాటొద్దు. వారానికి ఒకటి వేసుకోవాల్సిన పెద్ద డోసు మాత్రని రోజూ వేసేసుకుని, రక్తంలో కాల్షియం పెరిగి ఆసుపత్రిలో చేరినవాళ్లున్నారు. కాల్షియం తిండితోనే రావడం మంచిది. చాలకపోతే ఒక్కసారికి 500 మి.గ్రా. మించకుండా తీసుకోండి. కార్బొనేట్ రకమైతే భోజనంతో, సిట్రేట్ ఎప్పుడైనా.

ఇక జుట్టు. మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతున్నది ఇదేనని మీ రాతలోనే తెలుస్తోంది, బాధ ఉండటం సహజం. త్వరగా బరువు తగ్గినప్పుడు చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్లి, రెండు మూడు నెలల తర్వాత ఊడటం మొదలవుతుంది. కాన్పు తర్వాత, పెద్ద జ్వరం తర్వాత ఊడేది కూడా ఈ రకమే. కుదుళ్లు చచ్చిపోవు. బరువు నిలకడకు వచ్చి, ప్రోటీన్, ఐరన్ సరిగ్గా అందుతుంటే సాధారణంగా ఆరు నెలల్లో తగ్గుముఖం పడుతుంది. వెగోవీ (బరువు తగ్గడానికి ఇచ్చే సెమాగ్లూటైడ్ బ్రాండ్) పరీక్షల్లో మందు వాడినవాళ్లలో 3 శాతం మందికి, ఉత్తుత్తి మందు వాడినవాళ్లలో 1 శాతం మందికి జుట్టు ఊడింది.

బయోటిన్ దీన్ని ఆపదు. బయోటిన్ లోపం నిజంగా ఉన్నవాళ్లు చాలా అరుదు. రోజుకి కావలసింది 30 మైక్రోగ్రాములైతే జుట్టు మాత్రల్లో 5,000 నుంచి 10,000 దాకా ఉంటుంది. డబ్బు దండగతో పోతే నేను ఇంత రాసేదాన్ని కాదు. ఎక్కువ బయోటిన్ కొన్ని రక్తపరీక్షల్ని తారుమారు చేస్తుంది. మీలాంటి థైరాయిడ్ ఉన్నవాళ్లకి టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, టీ4 ఎక్కువగా చూపించవచ్చు. డోసు ఎక్కువైందనుకుని డాక్టర్ మాత్ర తగ్గిస్తారు, అప్పుడు నిజంగానే నీరసం, మలబద్ధకం, జుట్టు ఊడటం అన్నీ పెరుగుతాయి. గుండెపోటుకి చేసే ట్రోపొనిన్ పరీక్ష కూడా తప్పుగా తక్కువ చూపించవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. దయచేసి బయోటిన్ ఆపేయండి. ఆపిన రెండు మూడు రోజుల తర్వాత టీఎస్‌హెచ్ చేయించండి. బరువు ఇంత తగ్గాక థైరాయిడ్ డోసు మారాల్సి రావచ్చు కాబట్టి ఆ పరీక్ష ఎలాగూ కావాలి.

థైరాయిడ్ మాత్రకీ, ఐరన్, కాల్షియం మాత్రలకీ మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి. మీ మల్టీవిటమిన్‌లో ఈ రెండిట్లో ఏది ఉన్నా అది కూడా అంతే. పొద్దున్నే థైరాయిడ్ మాత్ర, మధ్యాహ్నం భోజనంతో మల్టీవిటమిన్ అని పెట్టుకుంటే గందరగోళం ఉండదు. సెమాగ్లూటైడ్‌ని రైబెల్సస్ మాత్రగా వాడేవాళ్లు ఉంటే, దాన్ని పరగడుపున 120 మి.లీ. మించని నీళ్లతో వేసుకుని అరగంట దాకా ఇంకే మాత్రా, ఏ తిండీ ముట్టకూడదు. సప్లిమెంట్లన్నీ ఆ తర్వాతే.

మలబద్ధకానికి ముందు నీళ్లు. ఆకలితోపాటు దాహం కూడా తగ్గిందని చాలామంది చెప్తారు, దాహం వేసేదాకా ఆగితే రోజంతా రెండు గ్లాసులతో గడిచిపోతుంది. ఆ తర్వాత పీచు. ఇసబ్‌గోల్ ఒక చిన్న చెంచాతో మొదలుపెట్టి, వారం వారం కొంచెం పెంచుకోండి, ప్రతిసారీ పెద్ద గ్లాసు నిండా నీళ్లతో. నీళ్లు చాలకపోతే అది లోపలే గట్టిపడుతుంది. మొదటి రోజే రెండు పెద్ద చెంచాలు వేసుకుంటే కడుపు ఉబ్బి ఇంకా ఇబ్బంది. థైరాయిడ్ మాత్రకి దీన్ని కూడా దూరంగానే పెట్టండి. మీరు కొన్న మెగ్నీషియం ఇక్కడ పనికొస్తుంది. సిట్రేట్ గానీ ఆక్సైడ్ గానీ అయితే పేగుల్లోకి నీటిని లాగి విరేచనం సాఫీగా అయ్యేలా చేస్తుంది. రాత్రిపూట, సప్లిమెంట్ రూపంలో మొత్తం 350 మి.గ్రా. దాటకుండా తీసుకోండి. విరేచనాలు పలచబడితే ఆపండి, కిడ్నీ పనితీరు తక్కువ ఉన్నవాళ్లు అసలు వేసుకోవద్దు. కడుపు బాగా ఉబ్బి, నొప్పితో గాలి కూడా పోకపోతే పీచుతో ప్రయోగాలు చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

‘బూస్టర్’ క్యాప్సూళ్ల లేబుల్ ఫోటో చూశాను. అందులో బెర్బెరిన్, గ్రీన్ టీ సారం, గార్సీనియా ఉన్నాయి. మీకు ఇంజెక్షన్ పనిచేస్తోంది, దాన్ని ఇంకేదీ పెంచాల్సిన పని లేదు. బెర్బెరిన్ షుగర్‌ని తగ్గిస్తుంది, కాలేయం మందుల్ని అరిగించే తీరుని మారుస్తుంది, పైగా వికారం, విరేచనాలు తెప్పిస్తుంది. గాఢమైన గ్రీన్ టీ సారం, గార్సీనియా రెండింటి వల్లా కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. ఈ ఒక్క సీసా మాత్రం నేరుగా చెత్తబుట్టలో వేయండి.

ఇంకొక్క విషయం, మీకు ఇప్పుడు అవసరం లేకపోయినా రాసి పెడుతున్నాను. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే, ఒక్క ముద్ద కూడా నిలవకపోతే, మొదట అడుగంటేది బి1, అంటే థయమిన్. ఒంట్లో దీని నిల్వ రెండు మూడు వారాలకి మించి ఉండదు. అది పూర్తిగా తగ్గితే మెదడు దెబ్బతింటుంది. నడకలో తూలడం, చూపు రెండుగా కనిపించడం, మాటల్లో తికమక దాని గుర్తులు. ఆ స్థితిలో నోటి మాత్ర చాలదు, థయమిన్ నరానికి ఎక్కించాలి, అది కూడా గ్లూకోజ్ సెలైన్ ఎక్కించే ముందు. డోసు పెంచిన తర్వాత ఇలా జరిగి ఎమర్జెన్సీకి వెళ్తే, బరువు తగ్గే ఇంజెక్షన్ మీద ఉన్నారని, ఎన్ని రోజులుగా తినలేదో మొదటి మాటగా చెప్పండి. థయమిన్ ఇస్తున్నారా అని మీ వెంట వచ్చినవాళ్లనే అడగమనండి.